టొరంటోలో కొన్న షేర్లు న్యూయార్క్‌లో అమ్మబోతే ఆర్డర్ తిరిగొస్తోంది, ఎందుకు?

నదితీరం:

అందరికీ నమస్కారం. ఒకే కంపెనీ షేరు రెండు ఎక్స్చేంజీల్లో లిస్ట్ అయి ఉన్నప్పుడు ఆన్‌లైన్ బ్రోకర్ దగ్గర వచ్చే చిక్కుల గురించి తెలిసినవాళ్ల సలహా కావాలి.

కెనడా బ్రోకర్ దగ్గర మార్జిన్ (బ్రోకర్ అప్పు మీద ట్రేడ్ చేసే సదుపాయం) లేని మామూలు క్యాష్ అకౌంట్. అందులో కెనడా డాలర్ల వైపు ఒకటి, అమెరికా డాలర్ల వైపు ఒకటి ఉన్నాయి. టొరంటోలో ఒక పెద్ద బ్యాంకు షేర్లు 300 కొని, అవే షేర్లు న్యూయార్క్‌లో అమ్మి, అమెరికా డాలర్లు తీసుకోవాలన్నది ఆలోచన. బ్రోకర్ దగ్గర నేరుగా డాలర్లు మార్చుకుంటే రేటులో కోత బాగా పడుతుంది కాబట్టి ఈ దారి. టొరంటోలో కొనుగోలు అయిపోయింది. న్యూయార్క్ వైపు అమ్మకం ఆర్డర్ పెడితే మాత్రం "సరిపడా షేర్లు లేవు" అని వెంటనే రిజెక్ట్ అవుతోంది. పోర్ట్‌ఫోలియోలో 300 షేర్లు కళ్లముందే కనిపిస్తున్నాయి.

రెండు చోట్లా ఉన్నది ఒకే షేరు అయినప్పుడు ఇలా ఎందుకవుతుంది? సరైన పద్ధతి ఏది? మధ్యలో ఎక్కడెక్కడ దెబ్బ తినే అవకాశం ఉంది? ఇదే పద్ధతి హాంకాంగ్, లండన్ షేర్లకూ పనిచేస్తుందా?

---

సెటిల్‌మెంట్ బల్ల:

నదితీరం గారూ, షేరు ఒకటే. మీ బ్రోకర్ సిస్టమ్‌లో మాత్రం అది రెండు వరుసలు. టొరంటోలో కొన్నవి కెనడా డాలర్ల వరుసలో కూర్చున్నాయి. న్యూయార్క్ ఆర్డర్ పెట్టగానే సిస్టమ్ అమెరికా డాలర్ల వరుసలోకి చూస్తుంది, అక్కడ సున్నా ఉంది. క్యాష్ అకౌంట్‌లో లేని షేరు అమ్మడం కుదరదు కాబట్టి ఆర్డర్ వెనక్కి వచ్చింది. ఒక రకంగా అది మీకు మేలే చేసింది. మార్జిన్ అకౌంట్ అయితే ఆర్డర్ వెళ్లిపోయి వేరే తలనొప్పి మొదలయ్యేది.

షేర్లను ఒక వరుసలోంచి రెండో వరుసలోకి మార్చమని బ్రోకర్‌ని అడగాలి. దీన్ని జర్నల్ చేయడం అంటారు. ఇది అమ్మకమూ కాదు, కొనుగోలూ కాదు. షేర్లని ఎలక్ట్రానిక్‌గా భద్రపరిచే కెనడా డిపాజిటరీ సీడీఎస్‌కీ అమెరికా డిపాజిటరీ డీటీసీకీ మధ్య లింకు ఉంది, షేర్లు అటూ ఇటూ కదలగలవు. చాలాసార్లు అంతదూరం కూడా వెళ్లదు, బ్రోకర్ తన పుస్తకాల్లోనే సర్దేస్తాడు.

మొదట చూడాల్సింది రెండు చోట్లా నిజంగా ఒకే సెక్యూరిటీనా అన్నది. టిక్కర్‌ని, అంటే ఎక్స్చేంజీలో షేరుకి ఉండే పొట్టి గుర్తుని, నమ్మకండి. టొరంటోలో ‘టి’ అంటే టెలస్, న్యూయార్క్‌లో ‘టి’ అంటే ఏటీ అండ్ టీ. టెలస్‌కి న్యూయార్క్‌లో ‘టీయూ’. కెనడియన్ నేషనల్ రైల్వే టొరంటోలో ‘సీఎన్‌ఆర్’, న్యూయార్క్‌లో ‘సీఎన్‌ఐ’. ఐసిన్ నంబరు చూడండి, అది ప్రతి సెక్యూరిటీకీ ఉండే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య. కెనడా కంపెనీ అయితే ‘సీఏ’తో మొదలై రెండు చోట్లా చివరి అంకె వరకూ ఒకటే ఉండాలి. కెనడా పెద్ద బ్యాంకులు, రైల్వేలు, పైప్‌లైన్ కంపెనీలు న్యూయార్క్‌లో పెట్టింది డిపాజిటరీ రసీదులు కావు, అసలు షేర్లనే. ఈ పద్ధతి పనిచేయడానికి కారణం అదే.

తర్వాత సెటిల్‌మెంట్, అంటే షేర్లూ డబ్బూ నిజంగా చేతులు మారడం. టొరంటోలో 2024 మే 27 నుంచి, న్యూయార్క్‌లో మే 28 నుంచి ట్రేడ్ అయిన మరుసటి పనిదినానికే సెటిల్ అవుతోంది. కొన్న రోజే జర్నల్ అడిగితే ఒప్పుకునే బ్రోకర్లు ఉన్నారు, సెటిల్ అయ్యాకే చేస్తామనేవాళ్లూ ఉన్నారు. అడిగాక కొందరి దగ్గర అదే రోజు అయిపోతుంది, కొందరి దగ్గర రెండు మూడు పనిదినాలు. వెబ్‌సైట్‌లో ఫారం ఉంటే సరే, లేకపోతే ఫోనే. ఫోన్‌లో ఇలా అడగండి: "ఫలానా టిక్కర్ షేర్లు 300, నా కెనడా డాలర్ల అకౌంట్ నుంచి అమెరికా డాలర్ల అకౌంట్‌కి జర్నల్ చేయండి." టిక్కర్, సంఖ్య, ఎటు నుంచి ఎటు అన్నవి మూడూ చెప్పాలి. ఉట్టినే "న్యూయార్క్‌లో అమ్మాలి" అంటే అవతలివాళ్లు టొరంటోలోనే అమ్మేసి డబ్బు మార్చి ఇచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు మీరు తప్పించుకోవాలనుకున్న కోతే పడుతుంది.

జర్నల్ అభ్యర్థన ఆగిపోయే సందర్భాలు కొన్ని పదే పదే వస్తాయి. ఆ షేర్ల మీద టొరంటో వైపు స్టాప్ లాస్ (ధర ఫలానా చోటికి పడితే అమ్మేయమనే ఆర్డర్) గానీ, రద్దు చేసేదాకా ఉండే లిమిట్ ఆర్డర్ (చెప్పిన ధర లేదా అంతకన్నా మెరుగైన ధరకే జరిగేది) గానీ ఉంటే అవి లాక్ అయి ఉంటాయి. ముందు దాన్ని క్యాన్సిల్ చేయాలి. డివిడెండ్‌ని మళ్లీ షేర్లలో పెట్టే సదుపాయం ఆన్ చేసి ఉండి 300.417 లాంటి అంకె ఉంటే, ఆ 0.417 ముక్క కదలదు. "అన్నీ మార్చండి" అని కాకుండా "300 మార్చండి" అని అడగాలి. పన్ను రాయితీ ఉండే కొన్ని రిజిస్టర్డ్ అకౌంట్లలో అసలు అమెరికా డాలర్ల వైపే ఉండదు. అక్కడ న్యూయార్క్‌లో అమ్మినా వచ్చిన డబ్బుని సిస్టమ్ తానే కెనడా డాలర్లలోకి మార్చేస్తుంది. అలాంటి అకౌంట్‌లో ఈ ప్రయత్నమే దండగ. మొదలుపెట్టకముందే కనుక్కోండి.

షేర్లు అమెరికా వైపు కనబడ్డాక ఆర్డర్ టికెట్‌లో రెండు పెట్టెలు జాగ్రత్తగా చూడాలి. ఒకటి మార్కెట్, రెండోది సెటిల్‌మెంట్ అకౌంట్. మార్కెట్ ‘అమెరికా’ అని పెట్టి, రెండో పెట్టె కెనడా డాలర్ల మీదే వదిలేయడం అందరికంటే ఎక్కువమంది చేసే పొరపాటు. అమ్మకం సవ్యంగా జరుగుతుంది, డబ్బు మాత్రం బ్రోకర్ రేటుకి కెనడా డాలర్లయి వస్తుంది. ఆర్డర్ నిర్ధారించే తెరమీద ‘వచ్చే మొత్తం’ పక్కన ఏ కరెన్సీ రాసుందో చదివాకే నొక్కండి.

జర్నల్ అయ్యాక అమెరికా వైపు ‘కొన్న ధర’ తప్పుగా కనిపించొచ్చు. సున్నా ఉండొచ్చు, లేదా జర్నల్ రోజు మార్కెట్ ధర ఉండొచ్చు. లాభనష్టాల గడిలో అంకెలు చూసి కంగారు పడొద్దు. మొదటి కొనుగోలు కాంట్రాక్ట్ నోట్ దాచుకోండి, అసలు లెక్క అదే.

---

మార్జిన్ రేఖ:

పైన చెప్పినదంతా సరైనదే. అసలు రిస్క్ ఎక్కడుందో అంకెల్లో చూపిస్తాను. కింది ధరలు లెక్క కోసం అనుకున్నవి.

టొరంటోలో షేరు 140 కెనడా డాలర్లు, మారకం రేటు 1.40, న్యూయార్క్‌లో 100 అమెరికా డాలర్లు అనుకుందాం. 300 షేర్లకి 42,000 కెనడా డాలర్లు, అంటే 30,000 అమెరికా డాలర్లు. బ్రోకర్ మార్పిడి కోత 1.5 శాతం అయితే నేరుగా మార్చుకున్నప్పుడు పోయేది 450 డాలర్లు. షేర్ల దారిలో రెండు కమీషన్లు, రెండు వైపులా బిడ్‌కీ (కొనేవాళ్లు ఇస్తామనే ధర) ఆస్క్‌కీ (అమ్మేవాళ్లు అడిగే ధర) మధ్య కొద్ది సెంట్లు, అన్నీ కలిపి 30 డాలర్ల చుట్టూ. ఇక్కడిదాకా బాగానే ఉంది.

జర్నల్‌కి రెండు రోజులు పట్టిందనుకోండి. ఆ రెండు రోజుల్లో షేరు 2 శాతం పడితే 600 డాలర్లు పోయినట్టే. మిగుల్చుకోవాలనుకున్నది 450. డాలర్లు మార్చుకోవడమే మీ పని అయితే, ఒక కంపెనీ షేరు పడుతుందో లేస్తుందో అన్న జూదం మీకెందుకు? అందుకే ఈ పనికి షేరు బదులు డీఎల్‌ఆర్ అనే ఫండ్ వాడతారు. గ్లోబల్ ఎక్స్ వాళ్లది, ఇదివరకు హొరైజన్స్ పేరుతో ఉండేది. ఇది అమెరికా డాలర్లనే పట్టుకుని కూర్చునే ఫండ్. టొరంటో ఎక్స్చేంజీలోనే రెండు గుర్తులతో ఉంటుంది. డీఎల్‌ఆర్ కెనడా డాలర్లలో, డీఎల్‌ఆర్.యు అమెరికా డాలర్లలో. రెండోది 10 డాలర్ల చుట్టుపక్కలే ఉంటుంది. డీఎల్‌ఆర్ కొని, జర్నల్ చేయించి, డీఎల్‌ఆర్.యు అమ్మాలి. మధ్యలో మూడు రోజులు పట్టినా మీ చేతిలో ఉన్నది అమెరికా డాలరే కాబట్టి ఆ వైపు నుంచి చూస్తే విలువ దాదాపు కదలదు.

ఇందులో ఒక చిన్న తిరకాసు ఉంది. డీఎల్‌ఆర్.యు అమ్మేటప్పుడు మార్కెట్ పెట్టెలో ‘కెనడా’ అనే ఉండాలి, ఎందుకంటే అది టొరంటోలో ట్రేడ్ అవుతుంది. సెటిల్‌మెంట్ మాత్రం అమెరికా డాలర్ల అకౌంట్. ‘అమెరికా’ మార్కెట్‌లో వెతికి "గుర్తు దొరకలేదు" అని ఆగిపోయేవాళ్లు చాలామంది.

ఇక మార్జిన్ అకౌంట్ సంగతి. అక్కడ టొరంటోలో కొన్న నిమిషానికే న్యూయార్క్‌లో అమ్మొచ్చు, ధర రిస్క్ దాదాపు ఉండదు. పుస్తకంలో కెనడా వైపు ప్లస్ 300, అమెరికా వైపు మైనస్ 300 పడతాయి. కొందరు బ్రోకర్ల సిస్టమ్ రాత్రికి రాత్రి రెండింటినీ కలిపేస్తుంది. మిగతావాళ్ల దగ్గర అది నిజమైన షార్ట్ పొజిషన్ (అప్పు తెచ్చిన షేర్లు అమ్మినట్టు) కిందే ఉండిపోతుంది. మీరు అడగనిదే ఎవరూ కలపరు. షార్ట్ వైపు మార్జిన్ కట్టాలి, అప్పు తెచ్చిన షేర్లకి వడ్డీ పడొచ్చు, షేర్లు ఇవ్వాల్సిన రోజుకి దొరకకపోతే బ్రోకర్ మార్కెట్‌లో బలవంతంగా కొని మూసేయొచ్చు. ఈలోగా రికార్డ్ తేదీ (డివిడెండ్ ఎవరికి వెళ్లాలో తేల్చే రోజు) వస్తే షార్ట్ వైపు డివిడెండ్ మీ జేబులోంచే కట్టాలి. కాబట్టి అమ్మిన రోజే ఫోన్ చేసి "ఈ రెండు పొజిషన్లూ ఒకే సెక్యూరిటీ, జర్నల్ చేసి మూసేయండి" అని చెప్పాలి. మరునాడు రెండు వరుసలూ సున్నా అయ్యాయో లేదో చూసుకోవాలి.

సెలవులు కూడా చూసుకోండి. జూలై 1న టొరంటో మూత, న్యూయార్క్ తెరిచే ఉంటుంది. జూలై 4న దీనికి తిరగేత. నవంబర్ నాలుగో గురువారం అమెరికాకి సెలవు, కెనడాకి కాదు. ఒక వైపు కొని రెండో వైపు అమ్మే మధ్యలో ఇలాంటి రోజు వస్తే ధర ఒక మార్కెట్‌లో కదిలిపోతుంటే మీరు రెండో దాని తలుపు ముందు నిలబడి చూడాల్సి వస్తుంది.

---

నదితీరం:

ఇద్దరికీ ధన్యవాదాలు. లాక్ సంగతి సరిగ్గా పట్టారు, స్టాప్ లాస్ ఒకటి తెరిచే ఉంది. దాన్ని తీసేసి జర్నల్ అడుగుతాను. హాంకాంగ్, న్యూయార్క్ రెండింటిలో ఉన్న కంపెనీలకీ ఇలాగే జర్నల్ అడగొచ్చా? ఆలీబాబా లాంటివి రెండు చోట్లా వేర్వేరు ధరల్లో కనిపిస్తున్నాయి, ఒకే కరెన్సీలోకి మార్చి చూస్తే తేడా ఎనిమిది రెట్లు ఉన్నట్టుంది.

---

రసీదుల లెక్క:

అక్కడ జర్నల్ ఉండదండి. ఆలీబాబా లాంటివాటికి న్యూయార్క్‌లో ఉన్నది షేరు కాదు, డిపాజిటరీ రసీదు. ఒక బ్యాంకు అసలు షేర్లని హాంకాంగ్‌లో కస్టడీలో పెట్టి, వాటికి బదులుగా అమెరికాలో రసీదులు ఇస్తుంది. ఐసిన్ వేరు, డిపాజిటరీ వేరు, ఒక్కో రసీదు వెనక ఎన్ని షేర్లన్నది కూడా కంపెనీకో రకం. ఆలీబాబాకి ఒక రసీదు అంటే 8 షేర్లు. టీఎస్‌ఎంసీకి 5, టొయోటాకి 10, ఐసీఐసీఐ బ్యాంకుకి 2, షెల్‌కి 2, ఇన్ఫోసిస్‌కి 1. మీకు కనబడ్డ ఎనిమిది రెట్లు ఈ నిష్పత్తే.

పోల్చడం ఇలా. హాంకాంగ్‌లో 120 హాంకాంగ్ డాలర్లు ఉందనుకుంటే, 8తో గుణిస్తే 960. హాంకాంగ్ డాలరుని అమెరికా డాలరుకి 7.75, 7.85 మధ్యే ఉండేలా కట్టేశారు. 7.80తో భాగిస్తే 123.08 అమెరికా డాలర్లు. న్యూయార్క్ ధరని దీనితో పోల్చాలి. అప్పుడు కూడా ఒక సంగతి మరవకూడదు. రెండు మార్కెట్లూ మామూలు వేళల్లో ఒకేసారి తెరిచి ఉండవు. హాంకాంగ్ మూసిన చాలా గంటలకి న్యూయార్క్ తెరుస్తుంది, ఈలోగా వచ్చిన వార్తంతా ఆ తేడాలో ఉంటుంది. అది దొరికే లాభం కాదు.

ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి మార్చుకోవచ్చు. అయితే అది మార్పిడి, జర్నల్ కాదు. మీ బ్రోకర్ రసీదుల్ని డిపాజిటరీ బ్యాంకుకి పంపి రద్దు చేయిస్తాడు, అసలు షేర్లు హాంకాంగ్ క్లియరింగ్ వ్యవస్థ సీక్యాస్‌లో మీరు చెప్పిన బ్రోకర్ ఖాతాకి వెళతాయి. ఆ బ్రోకర్ పార్టిసిపెంట్ నంబరు, అక్కడి మీ అకౌంట్ నంబరు ఫారంలో ఒక్క అంకె తప్పినా రోజుల తరబడి తిరుగుతుంది. డిపాజిటరీ బ్యాంకు రద్దు ఫీజు మామూలుగా 100 రసీదులకి 5 డాలర్ల వరకు ఉంటుంది. 1,000 రసీదులకి 50 డాలర్లు, దానిమీద మీ బ్రోకర్ సొంత చార్జీ. చాలా ఆన్‌లైన్ బ్రోకర్లు ఈ సేవే ఇవ్వరు, కాబట్టి కొనేముందే అడగడం మేలు.

లాట్ సంగతి దగ్గరే ఎక్కువమందికి చిక్కు. హాంకాంగ్‌లో షేర్లు లాట్ల (నిర్ణీత సంఖ్యలో కట్టల) లెక్కన అమ్ముడవుతాయి. ఆలీబాబా లాట్ 100. మీరు 30 రసీదులు మారిస్తే 240 షేర్లు వస్తాయి. 200 మామూలుగా అమ్ముడవుతాయి, మిగిలిన 40 విడి లాట్ మార్కెట్‌లో తక్కువ ధరకి పోవాల్సిందే. 25 రసీదులకి సరిగ్గా 200 షేర్లు, అంటే రెండు లాట్లు. కాబట్టి 25 గుణిజాల్లో మార్చండి: 25, 50, 75. ప్రతి కంపెనీకీ నిష్పత్తి, లాట్ రెండూ చూసుకుని ఈ చిన్న లెక్క ముందే వేసుకోవాలి.

పన్నుల కోత కూడా ఉంది. హాంకాంగ్‌లో కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ చెరో 0.1 శాతం స్టాంపు డ్యూటీ. లండన్‌లో, కంపెనీ బ్రిటన్‌లో నమోదైనదైతే, కొన్నప్పుడు 0.5 శాతం. లండన్‌లో కొన్న షేర్లని మీరంతట మీరు అమెరికా రసీదులుగా మార్చబోతే 1.5 శాతం పడుతుంది. ఆ ఒక్క అంకెతోనే మిగతా లెక్కలన్నీ తలకిందులవుతాయి. రసీదులు కావాలంటే రసీదులే కొనుక్కోండి.

కొన్ని దేశాల షేర్లకి ఈ రాకపోకలు రెండు వైపులా సమానంగా ఉండవు. భారతీయ కంపెనీల రసీదులు రద్దు చేసి షేర్లు తీసుకోవచ్చు. తిరిగి షేర్లని రసీదులుగా మార్చాలంటే, అంతకుముందు రద్దయి ఖాళీ అయిన మేరకే అవకాశం. 2002 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. అందుకే అక్కడ రసీదు ధరకీ షేరు ధరకీ మధ్య తేడా ఎక్కువకాలం నిలబడగలదు.

రియో టింటో లాంటి వాటిని అసలు ఈ కోవలో వేయకండి. లండన్‌లో ఉన్న పీఎల్‌సీ, ఆస్ట్రేలియాలో ఉన్న లిమిటెడ్ రెండు వేర్వేరు కంపెనీలు, ఒప్పందంతో ఒకటిగా నడుస్తాయి. ఒకదాని షేరు ఇచ్చి రెండోది తెచ్చుకునే దారి లేదు.

చివరగా, రసీదు శాశ్వతం కాదు. 2021 జనవరిలో చైనా మొబైల్, చైనా టెలికాం, చైనా యూనికాం రసీదుల ట్రేడింగ్‌ని న్యూయార్క్ ఎక్స్చేంజీ ఆపేసింది. 2022 జూన్‌లో చైనా ట్యాక్సీ యాప్ కంపెనీ డీడీ వెళ్లిపోయింది. రసీదుల కార్యక్రమం పూర్తిగా ముగిస్తే, మార్చుకోవడానికి గడువు ఇస్తారు. గడువు దాటితే డిపాజిటరీ బ్యాంకు వెనకున్న షేర్లు తనకి వీలైన ధరకి అమ్మి, ఫీజులు పోను మిగిలిన డబ్బు పంచుతుంది. బ్రోకర్ నుంచి వచ్చే ‘కార్పొరేట్ యాక్షన్’ సందేశాల్ని చదవకుండా వదిలేసేవాళ్లు నష్టపోయేది ఇక్కడే. దయచేసి ఆ సందేశాలు తెరిచి చదవండి.

---

పెన్నీ లెక్క:

లండన్ గురించి ఒక్క మాట. అక్కడ చాలా షేర్ల ధర పౌండ్లలో కాదు, పెన్నీల్లో రాస్తారు. 2,500 అని కనిపిస్తే 25 పౌండ్లు. కొనేటప్పుడు లిమిట్ గడిలో 25 అని కొడితే అది 25 పెన్నీలు. ఆర్డర్ రిజెక్ట్ అవుతుంది లేదా ఎప్పటికీ నిండదు. నష్టం లేదు. అమ్మేటప్పుడు 25 అని కొడితేనే ప్రమాదం. "25 పెన్నీలకి తక్కువ కాకుండా అమ్ము" అని చెప్పినట్టు. వెంటనే ఉన్న బిడ్‌కి అమ్ముడైపోతుంది, లిమిట్ పెట్టినా పెట్టనట్టే. పలచగా ట్రేడ్ అయ్యే షేరైతే కింద కిందకి తవ్వుకుంటూ పోతుంది. జొహానెస్‌బర్గ్‌లోనూ ఇంతే, అక్కడ రాండ్ బదులు సెంట్లు.

షెల్ లండన్‌లో పెన్నీల్లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో యూరోల్లో, న్యూయార్క్‌లో డాలర్లలో ఉంటుంది. పోర్ట్‌ఫోలియో యాప్‌లో మొత్తం విలువ నూరు రెట్లు కనిపిస్తే సంతోషించకుండా ముందు ఇది చూడండి.

---

రెండు తెరలు:

ధరల తేడా గురించి ఒక మాట చేర్చాలి, ఎందుకంటే చాలామంది దీనివల్లే తప్పు ఆర్డర్లు పెడతారు. మీ బ్రోకర్ తెరమీద ఒక ఎక్స్చేంజీ ధర అప్పటికప్పుడు వస్తూ, రెండోది 15 నిమిషాల పాతది అయి ఉండొచ్చు. ఉచితంగా ఇచ్చే కొటేషన్లలో ఇది మామూలే. ధర పక్కన చిన్న అక్షరాల్లో ‘డిలేడ్’ అనో, గడియారం గుర్తో ఉంటుంది. పాత ధరని కొత్త ధరతో పోల్చి "అక్కడ అర శాతం ఎక్కువుంది" అనుకుని కొంటే, ఆ అర శాతం అప్పటికే లేదు. టొరంటో, న్యూయార్క్‌ల మధ్య పెద్ద కంపెనీల షేర్లలో తేడాని యంత్రాలు సెకను కూడా నిలవనివ్వవు. చివరి ట్రేడ్ ధర చూడకండి. రెండు వైపులా బిడ్, ఆస్క్ చూడండి. కొనే వైపు ఆస్క్, అమ్మే వైపు బిడ్, మధ్యలో ఆ నిమిషపు మారకం రేటు. ఈ మూడింటితో లెక్క వేస్తే ‘లాభం’ దాదాపు ఎప్పుడూ మాయమవుతుంది.

రెండో లిస్టింగ్‌లో వ్యాపారం పలచగా ఉన్న కంపెనీలకి మార్కెట్ ఆర్డర్ (దొరికిన ధరకి జరిగిపోయేది) పెట్టొద్దు. ఎప్పుడూ లిమిట్ ఆర్డరే. తెరిచిన మొదటి పది పదిహేను నిమిషాలు వదిలేయండి, స్ప్రెడ్ (బిడ్‌కీ ఆస్క్‌కీ మధ్య తేడా) అప్పుడే వెడల్పుగా ఉంటుంది. లండన్, న్యూయార్క్ రెండూ తెరిచి ఉండేది సాధారణంగా లండన్ టైం మధ్యాహ్నం 2:30 నుంచి 4:30 దాకా. రెండు చోట్లా ఉన్న షేరుకి స్ప్రెడ్ బిగుతుగా దొరికేది ఆ రెండు గంటల్లోనే.

అమెరికాలో ఐదక్షరాల టిక్కర్ ‘ఎఫ్’తో ముగిస్తే అది ఎక్స్చేంజీ బయట కౌంటర్‌లో ట్రేడ్ అయ్యే విదేశీ అసలు షేరు, ‘వై’తో ముగిస్తే రసీదు. ‘ఎఫ్’ రకానికి కొందరు బ్రోకర్లు మామూలు కమీషన్ మీద విదేశీ లావాదేవీ ఫీజు వేస్తారు. చిన్న మొత్తానికి ఆ ఫీజే పెద్ద నష్టం. ఆ కంపెనీ సొంత ఎక్స్చేంజీకి మీ బ్రోకర్ దారి ఇస్తే అక్కడే కొనడం నయం.

సెటిల్‌మెంట్ రోజుల తేడా కూడా గుర్తుంచుకోండి. అమెరికా, కెనడాల్లో ఒక రోజు. లండన్‌లో, యూరప్‌లో, హాంకాంగ్‌లో రెండు రోజులు. బ్రిటన్, యూరోపియన్ యూనియన్ 2027 అక్టోబర్ 11న ఒక రోజుకి మారాలని తేదీ పెట్టుకున్నాయి. అప్పటిదాకా సోమవారం లండన్‌లో కొన్నది బుధవారం చేతికొస్తుంది, సోమవారం న్యూయార్క్‌లో అమ్మినది మంగళవారమే ఇవ్వాలి. ఒక రోజు ఖాళీ. దాన్ని ఎవరు పూడుస్తారు, ఎంత తీసుకుంటారు అన్నది తేలకుండా రెండు ఆర్డర్లు ఒకే రోజు పెట్టకూడదు.

---

నదితీరం:

జర్నల్ అయ్యాక వెంటనే అమ్మకుండా అమెరికా వైపే కొంతకాలం ఉంచితే ఏమైనా నష్టమా? డివిడెండ్, పన్నుల లెక్క మారుతుందా?

---

సెటిల్‌మెంట్ బల్ల:

డివిడెండ్‌లో నష్టం ఉంది. కెనడా బ్యాంకులు డివిడెండ్‌ని కెనడా డాలర్లలో ప్రకటిస్తాయి. షేర్లు అమెరికా వైపు ఉంటే అది అమెరికా డాలర్లుగా మారి అకౌంట్‌లో పడుతుంది, మార్పిడి కోత మీదే. మూడు నెలలకోసారి చొప్పున ఏడాదికి నాలుగుసార్లు. న్యూట్రియన్, బారిక్ లాంటివి అమెరికా డాలర్లలోనే ప్రకటిస్తాయి, వాటికి లెక్క తిరగబడుతుంది. టొరంటోలో కొని కెనడా వైపు ఉంచితేనే కోత. ఎక్కడ కొన్నారన్నది కాదు, కంపెనీ ఏ కరెన్సీలో ప్రకటిస్తుందో షేరుని ఆ వైపు ఉంచండి. ఈ రెండు దేశాల్లో ఇప్పుడు ఎక్స్ డివిడెండ్ తేదీ (ఆ రోజు నుంచి కొన్నవాళ్లకి ఆ డివిడెండ్ రాదు), రికార్డ్ తేదీ మామూలుగా ఒకే రోజు. ఆ రోజుకి అటూ ఇటూ జర్నల్ అడగకండి. డివిడెండ్ ఏ వైపు పడాలో తేలక సర్దుబాటుకి వారాలు పట్టొచ్చు.

విత్‌హోల్డింగ్ పన్ను (డివిడెండ్ ఇచ్చేటప్పుడే కోసుకునే పన్ను) కంపెనీ ఏ దేశానిదో దాన్నిబట్టి ఉంటుంది. ఏ ఎక్స్చేంజీలో కొన్నారన్నదానితో దానికి పనిలేదు.

పన్ను లెక్కలో జర్నల్ అమ్మకం కిందకి రాదు. కెనడా నివాసులకి రెండు వైపులా ఉన్న షేర్లు ఒకే ఆస్తి, సగటు ధర అన్నీ కలిపి కెనడా డాలర్లలో వేయాలి. అమెరికా వైపు అమ్మినదాన్ని ఆ రోజు మారకం రేటుతో కెనడా డాలర్లలోకి మార్చుకోవాలి. టొరంటో వైపు నష్టానికి అమ్మి, 30 రోజుల లోపు న్యూయార్క్ వైపు అదే షేరు కొని ఉంచుకుంటే ఆ నష్టం అప్పటికి చెల్లదు. టిక్కర్ వేరైనా, కరెన్సీ వేరైనా పన్నుశాఖ దృష్టిలో అది అదే షేరు.

మీ 300 షేర్ల విషయంలో అయితే: స్టాప్ లాస్ రద్దు, సెటిల్ అయిందో లేదో చూడడం, జర్నల్ అడగడం, అమెరికా వైపు 300 కనబడ్డాక లిమిట్ ఆర్డర్. అమ్మాక మరుసటి పనిదినం దాకా డబ్బు బయటికి తీయకండి, సెటిల్ కాని డబ్బు తీస్తే కొందరు బ్రోకర్లు మధ్యలో వడ్డీ వేస్తారు.